వెలగని నైట్రోజన్ వెంట: ఒక ఫ్లో ట్యూబ్ డైరీ

జులై, మొదటి వారం

ఈ ప్రాజెక్టులో, వాయువు పారే గాజు గొట్టంలో (ఫ్లో ట్యూబ్), కొలవాల్సింది ఒక్క సంఖ్య. ఉత్తేజిత నైట్రోజన్ అణువు ఆక్సిజన్‌ను ఢీకొని తన శక్తిని ఎంత వేగంగా పోగొట్టుకుంటుందన్నది. గ్రౌండ్ స్టేట్ కంటే 6.17 ఎలక్ట్రాన్ వోల్టుల పైన నైట్రోజన్‌కు ఒక ట్రిప్లెట్ స్థితి (రెండు ఎలక్ట్రాన్ల స్పిన్ ఒకే దిశలో ఉండేది) ఉంది. దాన్ని ఏ-స్థితి అంటారు. అక్కడి నుంచి కాంతి విడుదల చేసి కిందికి దిగడానికి స్పిన్ నియమం ఒప్పుకోదు. అందుకే చాలా నెమ్మదిగా దిగుతుంది, సగటు ఆయుర్దాయం 2 సెకన్ల దాకా ఉంటుంది. మామూలు ఉత్తేజిత స్థితులు నానోసెకన్లలోనో మైక్రోసెకన్లలోనో ఆరిపోతాయి. 2 సెకన్లు దొరికితే, మేం వాడబోయే 2 టార్ ప్రెజర్‌లో (మామూలు గాలిది 760 టార్) కూడా అణువు కోట్ల సార్లు పక్కవాటిని ఢీకొంటుంది. వాటిలో ఎవరు దాని శక్తిని లాక్కోగలరన్నదే ఈ కెమిస్ట్రీ.

ఆక్సిజన్‌తో ఈ ప్రతిచర్య అరోరాలు (ధ్రువాల దగ్గర ఆకాశంలో కనిపించే వెలుగులు) వెలిగే ఎత్తుల్లో నిజంగా జరిగేదే. 1980లో దీని నుంచి నైట్రస్ ఆక్సైడ్ పెద్ద మొత్తంలో పుడుతుందని ఒక పేపర్ వచ్చింది. వాతావరణ శాస్త్రవేత్తలు ఉలిక్కిపడ్డారు. తర్వాత వేరే ల్యాబ్‌లు కొలిస్తే ఆ దిగుబడి 2 శాతం లోపే అని తేలింది.

మా గైడ్ సార్ మాత్రం తేల్చి చెప్పేశారు: "ఆ సంఖ్య ఎప్పుడో పేపర్లలోకి ఎక్కిందమ్మా. నీ ట్యూబ్ కూడా అదే చెబుతుందా లేదా చూడు. చెబితే అప్పుడు కొత్త అణువుల సంగతి ఆలోచిద్దాం."

చిక్కల్లా ఏమిటంటే ఈ ఏ-స్థితి నైట్రోజన్ వెలగదు. ట్యూబ్‌లో అది ఉండేది మిల్లీసెకన్లు, వెలగడానికి పట్టేది సెకన్లు. కాబట్టి దాని సొంత కాంతి (వెగార్డ్-కప్లాన్ బ్యాండ్లు) మా చిన్న స్పెక్ట్రోమీటర్‌కు దాదాపు అందదు. కనపడని దాన్ని కనపడే దాని ద్వారా అడగాలి.

జులై ఆఖరు

గ్లాస్ పని అయింది. పైరెక్స్ గొట్టం, లోపలి వ్యాసం 25 మి.మీ. ఆర్గాన్ వచ్చే వైపు ఒక పక్క గొట్టంలో రెండు టాంటలం రేకులను చుట్ట చుట్టి ఎలక్ట్రోడ్లుగా పెట్టాం. వాటి మధ్య వాయువులో కరెంటు పారినప్పుడు వచ్చే వెలుగు (డిశ్చార్జ్) నేరుగా డిటెక్టర్‌లోకి రాకుండా మధ్యలో 90 డిగ్రీల వంపు, వంపు బయట నల్ల పెయింటు. కింది వైపు వాయువులు కలపడానికి మూడు సన్న గొట్టాలు. చివర చూసే కిటికీ.

డ్రాయింగ్ చూసి గ్లాస్ బ్లోయర్ బాబాయి నవ్వాడు. "ఏటమ్మా, గొట్టంలో గొట్టం, దాన్లో మళ్ళీ చిల్లులా? ఇంత సన్నం చిల్లులు మంట మీద మూసుకుపోతాయి." చివరికి కలిపే గొట్టం కొసను చిన్న ఉంగరంలా వంచి, చుట్టూ చిల్లులు పెట్టి, అవి మూసుకోకుండా టంగ్‌స్టన్ తీగ దూర్చి చేశాడు. వాయువు ఒక పక్క నుంచి జిమ్మితే కలవడానికి చాలా దూరం పడుతుంది, చుట్టూ నుంచి వస్తే త్వరగా కలుస్తుంది. మా లెక్కలన్నీ ఆ కలిసే చోటు మీదే నిలబడతాయి. ఆ ఉంగరం బాబాయి చలవ.

పంపు మీద నిమిషానికి 500 లీటర్లు అని రాసి ఉంది. గొట్టాలూ వాల్వులూ తినేది పోను 400 అనుకుంటున్నాను. 2 టార్ దగ్గర నిమిషానికి లీటరు కంటే కాస్త తక్కువ ఆర్గాన్ పంపితే, ట్యూబ్‌లో వాయువు సగటున సెకనుకు 13.6 మీటర్ల వేగంతో పోతుంది. ఇక సెం.మీ.లే నా గడియారం: ఒక్కో సెం.మీ. దాదాపు ముప్పావు మిల్లీసెకను.

ఆగస్టు

విశాఖలో ఆగస్టు అంటే గాలి నిండా నీళ్లే. ఆ నీళ్లన్నీ నా ట్యూబ్‌లో కనిపించాయి.

ఆర్గాన్ ఒక్కటే పంపి, ఎలక్ట్రోడ్ల మీద 250 వోల్టులు పెడితే కొన్ని మిల్లీఆంపియర్ల డిశ్చార్జ్ నిలబడింది. అక్కడ పుట్టే అయాన్లు, ఎలక్ట్రాన్లు వంపు దాటేలోపు చాలావరకు పోతాయి. మిగిలేది మెటాస్టేబుల్ ఆర్గాన్: 11.55 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో, కిందికి దిగే దారి లేని పరమాణువు. ఇదీ వెలగదు. స్వచ్ఛమైన ఆర్గాన్ అయితే వంపు తర్వాత ట్యూబ్ చీకటిగా ఉండాలి.

చీకటిగా లేదు. స్పెక్ట్రోమీటర్‌లో రెండు గుర్తులు కనిపించాయి. 308 నానోమీటర్ల దగ్గర ఓహెచ్ (నీటి అణువు ముక్క) బ్యాండు, 337 దగ్గర నైట్రోజన్ బ్యాండు. మెటాస్టేబుల్ ఆర్గాన్ నీటి ఆవిరిని విరగ్గొడితే ఉత్తేజిత ఓహెచ్ పుడుతుంది, అదే 308. నైట్రోజన్ అణువుకు శక్తి ఇస్తే అది సి-స్థితికి (ఏ-స్థితికి పైన బి, దానికీ పైన సి) ఎక్కి 337 దగ్గర వెలుగుతుంది. అంటే ఒకటి తేమ, రెండోది గాలి. నేను వాడబోయే తరహా ప్రతిచర్యలే నా లీకులు చూపిస్తున్నాయి. పైగా నీటితో ఈ ప్రతిచర్య చాలా వేగం, చిటికెడు తేమ చాలు.

337 సంగతి సులువుగానే తేలింది. ఓ-రింగ్ జాయింట్లు ఒక్కోటీ విప్పి, తుడిచి, తెలుగులో చెప్పాలంటే "చూసీచూడనట్టు" గ్రీజు రాసి బిగిస్తూ పోతే ఒక జాయింట్ దగ్గర ఆ బ్యాండు సగానికి పడింది. హీలియం లీక్ డిటెక్టర్ లేని ల్యాబ్‌లో ఇంతకంటే మంచి పరికరం దొరకదు.

308 మాత్రం పట్టుకుని వేలాడింది. లిక్విడ్ నైట్రోజన్ ట్రాప్ పెడదామని ఒక సీనియర్ అన్నాడు. సిలిండర్ వైపు అది పెట్టకూడదు. ఆర్గాన్ వాతావరణ పీడనం దగ్గర 87 కెల్విన్‌లోనే ద్రవమవుతుంది, లిక్విడ్ నైట్రోజన్ 77 కెల్విన్. తేమతో పాటు ఆర్గాన్ కూడా ట్రాప్‌లో పేరుకుపోతుంది, తర్వాత వేడెక్కిందంటే గ్లాస్ పగులుతుంది. దాని బదులు తేమ పీల్చే మాలిక్యులర్ సీవ్ గొట్టం పెట్టి, వ్యాక్యూమ్‌లో 300 డిగ్రీల దగ్గర రాత్రంతా కాల్చాం. ట్యూబ్‌కు కూడా హీటింగ్ టేపు చుట్టి బేక్ చేశాం. నెలాఖరుకు 308 పూర్తిగా పోలేదు గానీ స్పెక్ట్రోమీటర్ నాయిస్‌కు దగ్గరగా దిగింది. చాలు.

సెప్టెంబరు

మైక్రోవేవ్ జనరేటర్ పక్క ల్యాబ్‌లో ఖాళీగా ఉందంటే, మధ్యలో ఒక పక్కదారి పట్టాం. నైట్రోజన్‌నే డిశ్చార్జ్ చేస్తే ఏ-స్థితి నేరుగా వస్తుంది కదా, మధ్యలో ఆర్గాన్ ఎందుకు? మొదటిసారి ఇది వినేవాళ్లందరికీ వచ్చే ప్రశ్నే. జూనియర్లు అడిగారు, చేసి చూపించడమే మేలనిపించింది.

నైట్రోజన్‌లో 2450 మెగాహెర్ట్జ్ డిశ్చార్జ్ వెలిగించగానే ట్యూబ్ పొడవునా, పంపు గొట్టం దాకా పసుపు వెలుగు పాకింది. గదిలో లైట్లు ఆపి చూస్తే ఎవరైనా కాసేపు మాట్లాడరు. 1911లో ఆర్.జె. స్ట్రట్ ఇంగ్లండ్‌లో దీన్ని శ్రద్ధగా పరిశీలించి "యాక్టివ్ నైట్రోజన్" అన్నాడు. వాళ్ల నాన్న లార్డ్ రేలీ ఆర్గాన్ కనిపెట్టినవాళ్లలో ఒకరు, కొడుకు నైట్రోజన్ వెలుగు పట్టుకున్నాడు. నా ట్యూబ్‌లో తండ్రీకొడుకుల ఇద్దరి పనీ ఉంది.

ఈ పసుపు ఏ-స్థితి వెలుగనుకుంటే తప్పు. డిశ్చార్జ్‌లో నైట్రోజన్ అణువులు విడిపోయి పరమాణువులవుతాయి. అవి గోడకు కూడా అంత తేలిగ్గా అంటుకోవు, చాలా దూరం పోతాయి. దారిలో రెండు పరమాణువులు మూడో అణువు సాయంతో మళ్లీ కలిసినప్పుడు బి-స్థితి నైట్రోజన్ పుట్టి, 580 నానోమీటర్ల చుట్టుపక్కల పసుపు పచ్చగా వెలుగుతుంది. అంటే శక్తిని మోసుకొచ్చింది ఉత్తేజిత అణువు కానే కాదు, విడిపోయిన పరమాణువులు. మరి డిశ్చార్జ్‌లో పుట్టిన ఏ-స్థితి ఏమైంది? నైట్రోజన్ పరమాణువులే దాన్ని చంపేస్తాయి. ఘన సెం.మీ.కు 10¹⁴ పరమాణువులు ఉన్నాయనుకుంటే, తెలిసిన రేటు ప్రకారం ఏ-స్థితి పావు మిల్లీసెకను నిలుస్తుంది. నా ట్యూబ్‌లో అది 3, 4 మి.మీ. దూరం!

పరమాణువులు ఎన్ని ఉన్నాయో కొలిచే టైట్రేషన్ ఈ మొత్తం పనిలోకీ నాకు ఇష్టమైనది. నైట్రిక్ ఆక్సైడ్ కొద్దికొద్దిగా వదలాలి. నైట్రోజన్ పరమాణువు దాన్ని ఢీకొంటే నైట్రోజన్ అణువు, ఆక్సిజన్ పరమాణువు వస్తాయి. మిగిలిన నైట్రోజన్ పరమాణువులు ఆ ఆక్సిజన్‌తో కలిసి ఉత్తేజిత నైట్రిక్ ఆక్సైడ్ పుట్టిస్తాయి, పసుపు పోయి నీలం వస్తుంది. ఇంకాస్త వదిలితే నీలం కూడా ఆరి ట్యూబ్ చీకటవుతుంది: నైట్రోజన్ పరమాణువులు సరిగ్గా అయిపోయిన చోటు అది. అక్కడ వదులుతున్న నైట్రిక్ ఆక్సైడ్ ఎంతో, వచ్చిన పరమాణువులు అంత. ఒక్క పిసరు ఎక్కువైతే ఆక్సిజన్ పరమాణువులు, నైట్రిక్ ఆక్సైడ్ కలిసి ఆకుపచ్చ వెలుగు ఇస్తాయి. బ్యూరెట్, ఇండికేటర్ ఏమీ లేకుండా, కంటితో ఎండ్ పాయింట్.

నైట్రిక్ ఆక్సైడ్ విషం. ఆర్గాన్‌లో 10 శాతం కలిపిన సిలిండరే తెప్పించాం, రెగ్యులేటర్ స్టెయిన్‌లెస్ స్టీల్‌ది, పంపు ఎగ్జాస్ట్ ఫ్యూమ్ హుడ్‌లోకి. ఇత్తడి రెగ్యులేటర్ చవకగా ఇస్తామన్న డీలరుకు వద్దని చెప్పడానికి చాలా ఓపిక పట్టింది.

అక్టోబరు

మళ్లీ అసలు దారిలోకి. ఆర్గాన్ డిశ్చార్జ్ తర్వాత, వంపు కింద, 5 శాతం నైట్రోజన్ కలిపాం. కలిసే చోట ఊదా రంగు మచ్చ వెలిగింది, ఆ కిందంతా చీకటి. సరిగ్గా ఇదే కావాలి.

మెటాస్టేబుల్ ఆర్గాన్ 11.55 ఎలక్ట్రాన్ వోల్టులు. నైట్రోజన్ సి-స్థితి 11.03. కొద్ది తేడాతో శక్తి మారుతుంది, రేట్ కాన్స్టంట్ (ప్రతిచర్య వేగాన్ని చెప్పే సంఖ్య) 3.6 × 10⁻¹¹ ఘన సెం.మీ./సెకను. 5 శాతం నైట్రోజన్‌కు లెక్కేస్తే మెటాస్టేబుల్ ఆయుర్దాయం 10 మైక్రోసెకన్ల కంటే తక్కువ. కలవడానికి పట్టే దూరం తప్ప ఇంకేం మిగలదు. సి-స్థితి వెంటనే వెలిగి బి-కి, బి కూడా వెలిగి ఏ-కి దిగుతుంది. ఈ వెలుగులన్నీ అయిపోయాక మిగిలేది ఏ-స్థితి. చుట్టూ నైట్రోజన్ పరమాణువులు దాదాపు లేవు కాబట్టి దాన్ని చంపేవాళ్లూ లేరు. 1960, 70ల్లో అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో డాన్ సెట్సర్ బృందం పట్టుకుని సాగదీసిన పద్ధతి ఇదే. మెటాస్టేబుల్ ఆర్గాన్‌ను ఏ అణువు ఎంత వేగంగా చల్లారుస్తుందో వాళ్లు కొలిచి పెట్టిన రేట్లే నా ల్యాబ్ నోట్‌బుక్ మొదటి పేజీలో అతికించి ఉన్నాయి.

స్పెక్ట్రంలో 337.1, 357.7, 380.5 వరుసగా నిలబడ్డాయి, 315.9 పొట్టిగా ఉంది. నేను ఎక్కువసేపు వెతికింది మాత్రం లేని గీత కోసం: 391.4. అది అయనైజ్ అయిన నైట్రోజన్‌ది. నైట్రోజన్‌ను అయనైజ్ చేసి ఆ స్థితికి ఎక్కించాలంటే 18.75 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, ఆర్గాన్ మెటాస్టేబుల్ వల్ల కాదు. అది కనపడితే డిశ్చార్జ్ వెలుగు వంపు దాటి కారుతున్నట్టు. కనపడలేదు.

పోల్చి చూద్దామని జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ) ల్యాబ్ నుంచి హీలియం సిలిండర్ అరువు తెచ్చాం. హీలియం మెటాస్టేబుల్ శక్తి 19.82. ఆర్గాన్ స్థానంలో హీలియం పంపగానే అదే నైట్రోజన్ కలిసే చోట నీలి ఊదా వెలుగు, స్పెక్ట్రంలో 391.4, 427.8 ఠంచనుగా లేచాయి. ఇది పెనింగ్ అయనీకరణ: ఇంకో అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టేంత శక్తి ఉన్న మెటాస్టేబుల్ చేసే పని. ఎఫ్.ఎం. పెనింగ్ 1920ల్లో నియాన్‌లో కొద్దిగా ఆర్గాన్ కలిపితే డిశ్చార్జ్ తక్కువ వోల్టేజీకే వెలగడం చూసి దీన్ని పట్టుకున్నాడు. అయితే హీలియంలో కనపడే 391.4 అంతా పెనింగ్‌దే అనలేం, డైమర్ అయాన్ల (రెండు హీలియం పరమాణువులు జతకట్టిన అయాన్లు) వాటా కూడా ఉంటుంది. దాన్ని విడదీసే పని మాది కాదు. సిలిండర్ తిరిగి ఇచ్చేశాం, వాళ్లు ప్రెజర్ గేజ్ చూసి ఏదో అనబోయి ఊరుకున్నారు.

నవంబరు

ఇక సాక్షిని పిలవాలి. ఏ-స్థితి నైట్రోజన్ నైట్రిక్ ఆక్సైడ్‌ను ఢీకొంటే దాన్ని నైట్రిక్ ఆక్సైడ్ సొంత ఏ-స్థితికి ఎక్కిస్తుంది, అది 200 నానోసెకన్ల లోపే గామా బ్యాండ్లుగా వెలుగుతుంది: 226, 236, 247, 259 నానోమీటర్లు. ఆ వెలుగు ఎంత ఉంటే అక్కడ అంత ఏ-స్థితి నైట్రోజన్ ఉన్నట్టు. కంటికేం కనపడదు, అంతా అల్ట్రావయొలెట్.

పైరెక్స్ ఈ కాంతిని మింగేస్తుంది కాబట్టి చూసే కిటికీకి, ఫైబర్‌కు క్వార్ట్జ్ వేశాం. క్వార్ట్జ్ కిటికీ రావడానికి పట్టిన కాలం, దానికి రాసిన కొటేషన్ల ఫైలు, ఆ టెన్షన్ వేరే డైరీకి సరిపోతాయి.

మొదటి స్పెక్ట్రం చూసి ఆనందపడేలోపే, 247కీ 259కీ మధ్య ఒక సన్నటి గీత కనిపించింది. గామా బ్యాండ్లు ఒక పక్కకు వాలి వెడల్పుగా ఉంటాయి. ఇది పరమాణువు గీతలా నిటారుగా ఉంది: 253.7. ఆ సంఖ్య చూస్తే కెమిస్ట్రీ చదివిన ఎవరైనా పాదరసం అంటారు. ట్యూబ్‌లో పాదరసం ఎక్కడిది? ప్రెజర్ లైన్ చివర ఎప్పటి నుంచో తగిలించి ఉన్న పాత మానోమీటరుది. వాల్వ్ మూసి ఉన్నా ఆవిరి పాకుతోంది. ఏ-స్థితి నైట్రోజన్ పాదరసానికి శక్తినిచ్చి ఆ గీతను వెలిగిస్తుంది. 1922లోనే కారియో, ఫ్రాంక్ దీనికి ఎదురు దిశలో చేశారు: 253.7 కాంతితో పాదరసాన్ని ఉత్తేజపరిచి, దాని శక్తితో హైడ్రోజన్‌ను విడగొట్టారు.

మానోమీటరు తీసేసి కెపాసిటెన్స్ గేజ్ పెట్టాం. పాదరసం గోడల నుంచి వదలడానికి కొంతకాలం పట్టింది. వాల్తేరులో, ఇక్కడి ఆంధ్రా యూనివర్సిటీలో, స్పెక్ట్రోస్కోపీ చేసిన కొచ్చర్లకోట రంగధామరావు గారి తరం ఫొటోగ్రఫీ ప్లేట్ల మీద స్పెక్ట్రాలు తీసి కొలిచేది. ఇలాంటి కొసరు గీత ఒకటి వస్తే దాన్ని గుర్తుపట్టడానికి ప్లేటు కడిగి ఆరేదాకా ఆగాలి కదా అనిపించింది. నాకు స్క్రీన్ మీద వెంటనే కనిపించింది, అయినా విసుక్కున్నాను.

డిసెంబరు

ఆక్సిజన్. కలిసే చోటుకూ సాక్షి చోటుకూ 15 సెం.మీ. దూరం. ఆ దూరం మార్చకుండా, ఆక్సిజన్ ఒక్కటే పెంచుతూ 236 బ్యాండు ఎంత పడిపోతోందో చూడాలి. దూరం స్థిరంగా ఉంచడానికి కారణం గోడ. ఏ-స్థితి గోడను తాకితే దాదాపు ప్రతిసారీ ఆరిపోతుంది, నా ట్యూబ్‌లో 5 సెం.మీ.కు ఒకసారి మూడో వంతుకు దిగుతుంది. దూరం మార్చితే గోడ నష్టం కూడా మారుతుంది. ఆక్సిజన్ ఉన్నా లేకున్నా గోడ నష్టం ఒకటే కాబట్టి, ఒకే చోట కూర్చుంటే నిష్పత్తిలో అది కొట్టుకుపోతుంది.

ఆక్సిజన్ సాక్షిని కూడా చల్లార్చేస్తుందేమో అని ఒక అనుమానం. లెక్కేస్తే భయం లేదు: ఉత్తేజిత నైట్రిక్ ఆక్సైడ్ సెకనుకు 50 లక్షల సార్ల రేటుతో వెలుగుతుంది, మేం వదిలే ఆక్సిజన్ దాన్ని చల్లార్చేది సెకనుకు పది వేల లోపే.

వదలాల్సిన ఆక్సిజన్ కూడా నిమిషానికి ఘన సెం.మీ. లోపే. చిన్న మాస్ ఫ్లో కంట్రోలర్‌తో మెట్లు మెట్లుగా పెంచాం. బ్యాండు తీవ్రత లాగరిథం ఆక్సిజన్ సాంద్రత మీద గీస్తే గీత చక్కగా వచ్చింది, చివర కాస్త వంగింది. వాయువు అంతా ఒకే వేగంతో పోతుందనుకుని లెక్కేస్తే రేట్ కాన్స్టంట్ 1.6 × 10⁻¹² వచ్చింది. పుస్తకాల విలువ 2.3 నుంచి 2.5.

ఈ తేడాకు కారణం ట్యూబ్ మధ్యలో ఉంది. ఇంత తక్కువ ప్రెజర్‌లో వాయువు ప్రవాహం లామినార్: మధ్యలో వేగం, గోడ దగ్గర నెమ్మది. గోడ దగ్గరి ఏ-స్థితి ఎలాగూ ఆరిపోతుంది, డిటెక్టర్ దాకా వచ్చేది ఎక్కువగా మధ్యలో వేగంగా వచ్చిందే. అంటే నేను అనుకున్న దానికంటే దానికి దొరికిన కాలం తక్కువ. ఇలాంటి ట్యూబులకు దిద్దుబాటు దాదాపు 1.6 రెట్లని తెలిసిన సంగతే. గుణిస్తే 2.6.

సార్ గ్రాఫ్ చూసి, "ఆ చివరి వంపు సంగతి?" అన్నారు. అది రెండు కంపన మెట్ల గొడవ. నా ట్యూబ్‌లో ఏ-స్థితి నైట్రోజన్ అంతా ఒకే కంపన మెట్టు మీద లేదు. సున్నా మెట్టు మీదిది ఆక్సిజన్‌తో నెమ్మదిగా, ఒకటో మెట్టు మీదిది ఇంచుమించు రెట్టింపు వేగంతో ప్రతిచర్య జరుపుతుంది. 236 దగ్గర రెండూ కలిసే కనిపిస్తున్నాయి. మీథేన్ కొద్దిగా కలిపితే అది ఒకటో మెట్టు నుంచి సున్నాకు దించేస్తుంది, ఎలక్ట్రానిక్ శక్తిని పెద్దగా ముట్టుకోదు. అప్పుడు వంపు పోవాలి, రేటు కొంచెం కిందికి దిగాలి.

మీథేన్ సిలిండర్‌కు ఇండెంట్ పెట్టాను. అది వచ్చేలోపు 247 బ్యాండు డేటా కూడా ఇదే పద్ధతిలో తీసి, 236తో కలుస్తుందో లేదో చూస్తాను.